మూల తిరిగిన గీత

నీళ్ళు మూల తిరగవు. వంక తిరుగుతాయి, మెలిక తిరుగుతాయి, గట్టిగా అడ్డం పెడితే వెనక్కి కూడా తిరుగుతాయి గానీ, స్కేలు పెట్టి గీసినట్టు నలుచదరంగా మాత్రం ఏ వరదా తిరగదు. ఈ మాట తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. కానీ ఆ సోమవారం పొద్దున నగర ప్రణాళిక ఆఫీసులో ప్లానరమ్మ కంప్యూటరు ముందు కూర్చుని, తూర్పు వైపు విస్తరణ పటం పెద్దది చేసి చూస్తే, ముంపు గీత శుభ్రంగా నాలుగు మూలలు తిరిగి ఉంది.

ముంపు గీత అంటే ఏటి వరద ఎంత మేర వస్తుందో చూపించే నీలం గీత. దానికి లోపల ఉన్నది ముంపు నేల, కొత్తగా ఇటుక మీద ఇటుక పెట్టడానికి వీల్లేదు. బయట ఉన్నది మంచి నేల, కట్టుకోండి నాయనా అని అనుమతి ఇస్తారు. ఆ గీత ఎటు పోతే ఊరు అటు పోతుంది. అందుకే ఆఫీసులో అందరూ దాన్ని పాముని చూసినట్టు దూరం నుంచే చూస్తారు.

"బాబాయ్, ఒకసారి ఇలా రండి" అంది ప్లానరమ్మ.

బాబాయి అంటే ఆఫీసు డ్రాఫ్ట్స్‌మన్. ఊళ్ళో సగం పటాలు ఆయన చేతిమీదుగా వచ్చినవే. కంప్యూటర్లు వచ్చి ఎన్నాళ్ళయినా జేబులో స్కేలు లేనిదే కుర్చీలో కూర్చోడు. వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, తెర దగ్గరికి వంగాడు.

"ఏమిటమ్మా?"

"ఈ గీత చూడండి. ఇక్కడ ఎంత చక్కగా మూల తిరిగిందో!"

బాబాయి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "సర్వేవాళ్ళిచ్చిన ఎత్తులే నేను వేశానమ్మా. అక్కడ నేల ఎత్తుగా ఉందన్నారు, గీత దాన్ని వదిలేసి చుట్టూ తిరిగింది."

"నేల నలుచదరంగా ఎత్తుగా ఉంటుందా బాబాయ్?"

"ఉండదు" అన్నాడాయన, అంతే. ఉద్యోగంలో అంతకంటే ఎక్కువ మాట్లాడి బాగుపడ్డవాణ్ణి ఆయన చూడలేదు.

ఆ పెద్ద చదరం ఏమిటో ఇద్దరికీ తెలుసు. అది కొత్త వెంచరు. రంగు రంగుల జెండాలు కట్టి, గేటుకి రెండు పక్కలా సింహాలు పెట్టి ప్లాట్లు అమ్ముతున్న చోటు. అక్కడ ఏడాదిగా లారీలతో ఎర్రమట్టి తోలుతున్నారు. పల్లాన్ని మెరక చేసి, ఆ మెరక మీద సర్వే కర్ర నిలబెట్టి ఎత్తు కొలిపించారు. సర్వే కర్రకేం తెలుసు, కింద ఉన్నది దేవుడిచ్చిన నేలో లారీ పోసిన మట్టో! అది చూపించిన అంకె కాగితం మీదికి ఎక్కింది, నీలం గీత వంగి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంది.

ప్లానరమ్మకి ఒళ్ళు మండింది. మండాల్సిందే. కానీ పటాన్ని ఇంకాస్త కిందికి జరిపేసరికి ఆ మంట చప్పున చల్లారింది. అక్కడ ఇంకో వరస ఉంది, అగ్గిపెట్టెలంత చిన్న చిన్న చదరాలు. నీలం గీత వాటి చుట్టూ కూడా పళ్ళు పళ్ళుగా మూలలు తిరిగింది. ఆ వరసలో మూడోది ప్లానరమ్మ అక్కావాళ్ళ ఇల్లు.

అక్క ఇల్లు బయట ఉంది. ముంపులో లేదు. ఉన్నమాట చెప్పుకోవాలి, ప్లానరమ్మకి ముందు కలిగింది సంతోషమే. ఆ తరవాతే భయమేసింది.

"గురువారం జనం ముందు పెట్టాలి దీన్ని" అన్నాడు బాబాయి, అడగని మాటకి జవాబు చెబుతున్నట్టు.

"తెలుసు" అందామె.

సాయంత్రం ఆఫీసునుంచి తిన్నగా అక్కావాళ్ళింటికి పోయింది. వెనక రెండు గదులూ పూర్తయ్యాయి, వాటిలోనే కాపురం. ముందువైపు గోడలు కిటికీల పై అంచుదాకా లేచాయి. బావ పంచె ఎగ్గట్టి, గొట్టం పట్టుకుని గోడలు తడుపుతున్నాడు. బావకి ఆ గోడలంటే ప్రాణం. బస్సు డిపోలో డ్యూటీ దిగి, అన్నం కూడా తినకుండా ముందు గోడలకి నీళ్ళు పట్టే మనిషి.

"రా పొట్టీ, రా! ఇదిగో, ఇదే నీ గది. ఎప్పుడొచ్చినా నీదే" అన్నాడు, ఇంకా తలుపు లేని గదిలోకి గొట్టం ఊపుతూ.

అక్క లోపల మిషను కుడుతోంది. ఊళ్ళో సగం జాకెట్లు అక్క చేతివే. పెదవుల మధ్య గుండుసూది పెట్టుకునే, "చెప్పులు విప్పి రావే, ఇప్పుడే తుడిచాను" అంది. ఆ పెదవులతో అంత స్పష్టంగా తిట్టగలగడం కూడా ఒక విద్యే.

ప్లానరమ్మ పెరటి తలుపు తీసింది. పెరడు చివర మట్టి ఒక్కసారిగా తెగి, నడుమెత్తు కింద ఇస్త్రీ ఆవిడ వాకిలి ఉంది. వీళ్ళ వీధికంతా బట్టలు ఇస్త్రీ చేసేది ఆవిడే. వాకిట్లో నీళ్ళు నిలబడి ఉన్నాయి. మొన్న పడ్డది పెద్ద వాన కూడా కాదు. ఇటుకలు పేర్చి, వాటి మీద బల్ల వేసి, బల్ల మీద నిలబడి ఆవిడ చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. గోడకి మోకాలెత్తున తేమ చార ఉంది.

"ఎప్పుడూ ఇలాగే నిలుస్తాయా అండీ?" అని అడిగింది ప్లానరమ్మ.

ఆవిడ పెట్టె ఆపకుండానే నవ్వింది. "ఇదివరకు ఇటునుంచి అటు పోయేవమ్మా. ఇప్పుడు అటు మెరకైంది కదా. నీళ్ళకి మాత్రం కాళ్ళున్నాయా, మీవాళ్ళు ఇటు పంపిస్తే ఇటొచ్చాయి."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది, ప్లానరమ్మ కూడా ఏదో ఒకటి గట్టిగా జవాబు చెప్పేది.

వెనక్కి వచ్చేసరికి బావ గొట్టం కట్టేసి చెయ్యి తుడుచుకుంటున్నాడు.

"బావా, మట్టి ఎంత తోలించారు?"

"ఎంతని చెప్పను? లారీ మీద లారీ! ఆ వెంచరువాళ్ళు తోలించుకోవడం చూసి, మన వరస వాళ్ళమందరం కలిసి అదే లారీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు చూడు, ఏరు మీదికొచ్చినా మన గడప తడవదు." బావ గర్వంగా కాలితో నేల తట్టాడు. ప్లానరమ్మ ఆ కాలు వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఏమయిందే? మొహం అలా పెట్టావేం?" అంది అక్క.

"ఏం లేదు, తలనొప్పి" అంది. అక్క నమ్మలేదు.

మర్నాడు డైరెక్టరు గదికి పోయింది. ఆయనకి ఆఫీసంతా పెట్టిన పేరు చూద్దాం సారు. సెలవు కావాలన్నా చూద్దాం, ఫ్యాను తిరగట్లేదన్నా చూద్దాం, గోడ కూలిందన్నా చూద్దాం. చెడ్డవాడని అనలేం. ఏ గొడవా తన బల్ల దాకా రాకుండా రిటైరైపోవాలని కోరుకునే మనిషి. అలాంటివాళ్ళు చేసే నష్టం చెడ్డవాళ్ళు కూడా చెయ్యలేరు.

పటం పరిచి, మూలలు చూపించి, మట్టి సంగతి చెప్పింది. ఆయన ఓపికగా విన్నాడు.

"కొలిచిన రోజు నేల ఎంత ఎత్తుంటే అంతే కదమ్మా లెక్క. కిందటేడు ఎంతుంది, వాళ్ళ తాతగారి కాలంలో ఎంతుంది అని పోతే ఊరు కట్టలేం."

"పోసిన మట్టి నేల కాదు సార్. రేపు వరదొస్తే మట్టి జారుతుంది, ఇళ్ళు కుంగుతాయి. ఈలోపు ఆగాల్సిన నీళ్ళు ఆగే చోటు లేక పక్కవాళ్ళ మీద పడతాయి. మట్టి తోలించుకోగలిగినవాడు గీత బయటికి పోతున్నాడు. లేనివాడు లోపల ఉండి వాడి వాటా నీళ్ళు కూడా మోస్తున్నాడు."

"ఆధారం ఉందా?"

"గీతే ఆధారం సార్. నీళ్ళు మూల తిరగవు."

"అది నీకూ నాకూ. వాళ్ళ లాయరు అలా ఒప్పుకోడు. మట్టి పోశారని, కింద ఏముందని తవ్వి చూపించాలి. అలాంటి ఆధారం తీసుకురా, చూద్దాం." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మెల్లగా అన్నాడు, "మీ అక్కగారిల్లు కూడా ఆ వైపేనటగా? బయటే ఉన్నట్టుంది. సంతోషం."

ప్లానరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ 'సంతోషం' నిన్న పొద్దున తన గుండెలో మెదిలిందే. పరాయివాడి నోట్లోంచి వింటే ఎంత నీచంగా ఉంది!

మధ్యాహ్నమంతా కూర్చుని ఆలోచించింది. ఎక్కడ తవ్వాలి? వెంచరువాళ్ళు గేటు దాటనివ్వరు. సింహాల పక్కన ఇద్దరు మనుషులుంటారు, వాళ్ళ వెనక మేనేజరు, మేనేజరు వెనక ఎవరెవరో. దానికంటే సులువైన చోటు ఇంకోటుంది. అదే మట్టి, అదే లారీ. అడిగితే కాదనని మనుషులు.

అప్పటికి ఆమెకి ఇది చాలా న్యాయంగా కనిపించింది. ఇంకా చెప్పాలంటే గొప్పగా కనిపించింది. మా సొంతవాళ్ళ పెరట్లోనే తవ్వి చూపిస్తున్నాను చూడండి, అని గురువారం సభలో తను నిలబడి చెప్తున్నట్టు ఊహించుకుంది కూడా.

సాయంత్రం అక్క కత్తిరింపు బల్ల దగ్గర ఉంది. నీలం జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీసి, కత్తెర పెట్టబోతోంది. బావ గడప మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ప్లానరమ్మ విషయమంతా చెప్పింది. దాచలేదు. గీత మారితే ఇల్లు లోపలికి పోతుందని, లోపలికి పోతే మిగిలిన గోడలు లేపడానికి అనుమతి రాదని, అన్నీ చెప్పింది.

బావ గ్లాసు కింద పెట్టాడు. "నవ్వులాటకి అంటున్నావా పొట్టీ?"

"లేదు బావా. పెరట్లో ఒక్క గుంట. మళ్ళీ పూడ్చేస్తాం."

"గుంట పూడుస్తావు సరే. మరి ఇల్లో?" బావ లేచాడు. కోపమొస్తే బావ అరవడు, వస్తువులు సర్దుతాడు. సరిగ్గానే ఉన్న బకెట్టు తీసి అటు పెట్టాడు, అటు పెట్టింది తీసి ఇటు పెట్టాడు. "నీ చదువు అయ్యేదాకా మీ అక్క మిషను దిగలేదు. నా నోటితో చెప్పించుకుంటున్నావు. నేను చెప్పకూడదు." చెప్పేసి, పెరట్లోకి పోయి, పట్టిన గోడకే మళ్ళీ నీళ్ళు పట్టడం మొదలుపెట్టాడు.

అక్క మాత్రం పని ఆపలేదు. కత్తెర ఆడించి గుడ్డ కత్తిరించింది. ముక్క రెండయ్యాక కత్తెర బల్ల మీద పెట్టి అప్పుడు తలెత్తింది.

"ఒక్కటడుగుతాను చెప్పు. ఆ సింహాల గేటులోపల ఎందుకు తవ్వవు?"

"వాళ్ళు ఒప్పుకోరక్కా."

"ఒప్పుకోకపోతే తవ్వే అధికారం నీకు లేదా?"

అధికారం ఉంది. ఎప్పటినుంచో ఉంది. తనిఖీకి ఏ స్థలంలోకైనా పోవచ్చు, నేల పరీక్ష చెయ్యొచ్చు. ఆ ముక్క తన గుర్తింపు కార్డు వెనకే రాసి ఉంది.

"ఉంది" అంది.

"ఉంది. అయినా అక్కడికి పోవు. ఇక్కడికొచ్చావు. ఎందుకంటే మేం నీకు లోకువ." అక్క గొంతు పెరగలేదు. "మా వెనకావిడకి నీళ్ళు పంపించామని నిన్న ఒక చూపు చూశావు చూడు, ఆ చూపు నాకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. తప్పే, ఆవిడ మాట్లాడదని తెలిసి పంపించాం. మరి నువ్వు చేస్తున్నదేమిటి? ఎవరు మాట్లాడరో చూసుకుని వాళ్ళ పెరట్లో పార దింపుతానంటున్నావు. పైగా అది నిజాయితీ!"

చెంప మీద కొడితే కూడా అంత మండి ఉండేది కాదు. ప్లానరమ్మ లేచింది. చెప్పులు వేసుకుంది. ఒకటి తిరగేసి వేసుకుని, మళ్ళీ విప్పి సరిగ్గా వేసుకుంది. అక్క భోంచేసి వెళ్ళమనలేదు. ఆ ఇంట్లో అలా జరగడం అదే మొదలు.

దారి పొడుగునా అక్కని మనసులో తిట్టుకుంది. స్వార్థం అంది, మొండితనం అంది. ఇల్లు చేరేసరికి తిట్లు అయిపోయాయి, అక్క అన్న మాట మాత్రం అలాగే ఉంది.

బుధవారం పొద్దున ఆఫీసు జీపు సింహాల ముందు ఆగింది. ప్లానరమ్మ, బాబాయి, ఇద్దరు తవ్వే కూలీలు. బాబాయిని రమ్మని ఆమె అడగలేదు. "ఫోటోలు తియ్యడానికి మనిషుండాలి కదమ్మా" అని తనే ఎక్కి కూర్చున్నాడు. దారిలో జేబులోని స్కేలు ఎన్నిసార్లు తడుముకున్నాడో.

గేటు దగ్గర కార్డు చూపించింది. వాచ్‌మన్ చదివినట్టు నటించి లోపలికి ఫోన్ చేశాడు. గేటు తెరుచుకుంది, అంత సులువుగా తెరుచుకుంటుందని ఆమె అనుకోలేదు. మేనేజరు చల్లటి నవ్వుతో ఎదురొచ్చాడు, వెనకాలే ట్రేలో చల్లటి పానీయాలు.

"చెప్పి వస్తే భోజనం ఏర్పాటు చేసేవాళ్ళం కదా మేడమ్! ప్లాటు చూస్తారా? తూర్పు ముఖానివి రెండే ఉన్నాయి."

"నేల పరీక్ష" అంది ప్లానరమ్మ. "పరీక్ష గుంట తవ్వాలి."

నవ్వు మొహం మీద ఉండగానే కళ్ళు మారిపోయాయి. "సార్‌తో మాట్లాడతాను" అని పక్కకి పోయాడు. ప్లానరమ్మ అతను వచ్చేదాకా ఆగలేదు. ప్లాట్ల మధ్య రోడ్డు వెయ్యాల్సిన చోటు చూసి, "ఇక్కడ" అంది. పార దిగింది.

పైన ఎర్రమట్టి. పొడిగా, గరపగా, పారకి తేలిగ్గా వస్తోంది. గుంట మోకాలు లోతయ్యేసరికి మేనేజరు పరుగు పరుగున వచ్చాడు.

"ఆపండి మేడమ్. పర్మిషన్ లేదు. ఆపకపోతే గేటు వేసేస్తాం."

"వెయ్యండి" అంది. "మేం లోపలే ఉన్నాంగా. తవ్వండయ్యా."

కూలీల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. గేటు నిజంగానే వేసేశారు, గొలుసు చప్పుడు ఇక్కడికి వినిపించింది. బాబాయి ఫోటో తియ్యబోయి ఫోను జారవిడుచుకుని, మట్టిలోంచి తీసి తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాడు.

ఆమె ఫోను మోగింది. చూద్దాం సారు.

"ఏమ్మా, ఎక్కడున్నావు? ఎవరు తవ్వమన్నారు?"

"మీరే సార్. తవ్వి చూపించాలి, ఆధారం తీసుకురా అన్నారు."

"నేనెక్కడ తవ్వమన్నానో..." అని ఆయన సగంలో ఆగిపోయాడు. నువ్వు తవ్వలేవనే అలా అన్నాను అని ఆయన మాత్రం ఎలా అనగలడు? "సరే, వచ్చాక చూద్దాం" అని పెట్టేశాడు.

నడుము లోతులో పార చప్పుడు మారింది. గరగర పోయి చప్ చప్‌మంది. ఎరుపు అయిపోయి నలుపు మొదలైంది. చిక్కటి బురద, అందులో కుళ్ళిన తుంగ వేళ్ళు, తెల్లటి నత్తగుల్లలు. కూలీ ఇంకో పార ఎత్తేసరికి అడుగున నీళ్ళు ఊరడం మొదలైంది, ఎవరూ పొయ్యకుండానే, తీరిగ్గా. అందరూ గుంట చుట్టూ నిలబడి చూశారు. మేనేజరు కూడా చూశాడు. చూసి, తనలో తనే అనుకున్నట్టు, "నేను కూడా ఒక ప్లాటు తీసుకున్నాను" అన్నాడు.

గేటు తీయించింది అతనే.

మధ్యాహ్నం బాబాయి కంప్యూటరు ముందు కూర్చున్నాడు, పక్కన కుర్చీ లాక్కుని ప్లానరమ్మ. ఎర్రమట్టి మందం తీసేసి, మట్టి పొయ్యని పక్క పొలాల ఎత్తులు పట్టుకుని, అసలు నేల ఎలా పోయి ఉండాలో అలా గీత జరుపుతూ వచ్చారు. పెద్ద చదరం కరిగిపోయింది. గీత పడుకుని ఒళ్ళు విరుచుకున్న మనిషిలా వంపు తిరిగి, కిందికి దిగింది. ఇస్త్రీ ఆవిడ వాకిలి ఎత్తు ఉంది, అవతల పొలం ఎత్తు ఉంది. ఆ రెండింటి మధ్యా అగ్గిపెట్టెల వరస.

బాబాయి మౌసు మీద చెయ్యి ఆపాడు. "అమ్మా, ఇక్కడ?"

ప్లానరమ్మ తెర వైపు కాకుండా కిటికీ వైపు చూసింది. బావ తడిపే గోడలు, తలుపు లేని గది, ఎప్పుడొచ్చినా నీదే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"ఇక్కడ కూడా బాబాయ్."

మౌసు క్లిక్కుమంది.

చూద్దాం సారు కొత్త పటం చూసి చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. ఫోటోలు చూశాడు. గుంటలో నీళ్ళున్న ఫోటో దగ్గర ఆగాడు. "నీ సంతకంతోనే పెట్టు. రేపు ఎవరేమడిగినా నువ్వే చెప్పుకోవాలి" అన్నాడు. ఆయన దృష్టిలో అది శిక్ష. ఆమె అక్కడే నిలబడి సంతకం పెట్టింది.

గురువారం సభకి హాలు చాల్లేదు. వెనక గోడకి ఆనుకుని జనం నిలబడ్డారు. పటం గోడంతా పరిచి ఉంది. ముందు వరసలో వెంచరు లాయరు, ఆయన వెనక మేనేజరు తల వంచుకుని. మధ్య వరసలో బావ, వాళ్ళ వీధివాళ్ళు. అందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. అక్క వాళ్ళతో లేదు. ప్లానరమ్మ వెతుక్కుంటే, చివర కిటికీ దగ్గర, ఇస్త్రీ ఆవిడ పక్కన కనిపించింది. ఇటు చూడటం లేదు.

ఆ సభకి ఒక పద్ధతుంది. అభ్యంతరం ఎవరు చెప్పినా, పటం గీసిన అధికారే దాన్ని వాళ్ళ మాటల్లో రాసుకోవాలి. రాసింది పైకి చదివి వినిపించాలి. అవునని వాళ్ళంటేనే అది చెల్లుతుంది.

లాయరు గట్టిగానే మాట్లాడాడు. గుంట చట్టవిరుద్ధం అన్నాడు, అధికారి దురుసు అన్నాడు, అభివృద్ధికి అడ్డం అన్నాడు. ప్లానరమ్మ వంచిన తల ఎత్తకుండా అన్నీ రాసింది, చదివింది. ఆయన దర్జాగా అవునన్నాడు.

"ఇంకెవరైనా?" అన్నాడు చూద్దాం సారు, ఎవరూ లేకపోతే బాగుండునన్న గొంతుతో.

కిటికీ దగ్గర అక్క లేచింది. బల్ల దగ్గరికి నడిచి వచ్చింది. మధ్య వరసలో బావ, హమ్మయ్య అన్నట్టు నిటారుగా కూర్చున్నాడు. అక్క నోటితో తనని తిట్టడం, ఆ తిట్లు తన చేత్తో తనే రాసి పైకి చదవడం, ఇదా రాసిపెట్టి ఉంది!

"నేను కట్టుకుంటున్న ఇల్లు ఆ గీత లోపలికి పోయింది" అంది అక్క. "గీసింది మా చెల్లెలు."

హాలంతా గుసగుసలు లేచి, మళ్ళీ సద్దుమణిగాయి.

"గీత తప్పని నేననను. మా పునాది తవ్విన రోజు బురద నేను కూడా చూశాను. చూసి కూడా కట్టుకున్నాం, వేరే చోటు కొనలేక. ఇప్పుడు నాకు ఒక్క సంగతి తెలియాలి." అక్క వెనక్కి తిరిగి గోడ మీది పటం వైపు చెయ్యి చాపింది. "అటు పడమటి వైపు లేత పసుపు వేసి ఉందే, అదేమిటి?"

అడిగింది డైరెక్టర్ని కాదు. ప్లానరమ్మనే.

"ఎత్తు నేల" అంది ప్లానరమ్మ. "రాతి నేల. నీళ్ళు రావు."

"ఎవరికి?"

"పెద్ద స్థలాల నివాసాలకి... తోటలతో ఉండే ఇళ్ళకి."

ఆ పసుపు వేసింది తనే. పైనుంచి అలా వెయ్యమని వచ్చింది, వేసేసింది. తూర్పున ఒక్కొక్క మూలా పట్టుకుని పోట్లాడిన మనిషి, పడమట అంత పెద్ద పసుపు రంగు పోస్తూ ఒక్క క్షణం కూడా ఆగలేదు. మూలలేవీ లేవు కదా, నునుపుగా ఉంది కదా, కంటికి తగల్లేదు.

"నీళ్ళొచ్చే చోట ఉండొద్దని గీత గీశారు. మంచిదే" అంది అక్క. "నీళ్ళు రాని చోటంతా తోటలవాళ్ళకి ఇచ్చేశారు. మరి మేం ఏ రంగులో ఉన్నాం? మేం, ఈవిడ, మా వెనక బస్తీ. ఎక్కడుండకూడదో గీశారు గానీ ఎక్కడుండాలో గీయలేదే! అది గీసేదాకా ఈ పటం పూర్తయినట్టు కాదు. ఇదీ నా అభ్యంతరం."

చూద్దాం సారు గొంతు సవరించుకున్నాడు. "మంచి సూచన. చూద్దాం..."

"చూడటం తరవాత అండీ. ముందు రాయమనండి."

హాల్లో ఎవరో గట్టిగా నవ్వారు. బావ మాత్రం నవ్వలేదు. భార్య వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు, పాతికేళ్ళుగా కాపురం చేస్తున్నది ఈవిడతోనేనా అన్నట్టు.

ప్లానరమ్మ రాసింది. రాశాక, పద్ధతి ప్రకారం లేచి నిలబడి చదివింది.

"'ముంపు ప్రాంత నివాసులకు పడమటి ఎత్తు నేలలో స్థలం కేటాయించి, పటంలో గుర్తించిన తరవాతే ప్రణాళికను ఆమోదించాలి.' అవునా అండీ?"

అందరినీ అడిగినట్టే 'అండీ' అని అడిగింది. అక్క మొదటిసారి ఆమె మొహంలోకి సూటిగా చూసింది.

"కాదు" అంది. "నివాసులని నేననలేదు. నివాసులంటే ఎవరో అనుకుంటారు. మేము అన్నాను. మేము అని రాయి."

ప్లానరమ్మ కూర్చుంది. 'ముంపు ప్రాంత నివాసులకు' అన్నది కొట్టేసింది. పైన 'మాకు' అని రాసింది. మళ్ళీ లేచి, మొదటినుంచి చదివింది.

"అవును" అంది అక్క. పక్కకి జరిగి, వెనక నిలబడి ఉన్న ఇస్త్రీ ఆవిడకి చోటిచ్చింది.

ప్లానరమ్మ కొత్త కాగితం తీసుకుంది.

"చెప్పండమ్మా" అంది.